అప్పీలు ముగిసిన పిమ్మట

ధ్యాన భాగములు: అపొస్తలుల కార్యములు 25:1–12, లూకా 12:13–15



హనుమాన్ జంక్షన్‌లో నాలుగు త్రోవలు కలియునని మీరందరు ఎరుగుదురు. ఒకటి బెజవాడకు, ఒకటి ఏలూరుకు, ఒకటి నూజివీడుకు, ఒకటి గుడివాడకు పోవును. మామిడి కాపు దినములలో అక్కడ నిలుచుండినయెడల, నూజివీడు వైపు నుండి కాయల లారీలు ఒకదాని వెనుక ఒకటి వచ్చుచుండును. ఆ సందడిలోనే సంచిలో కాగితముల కట్ట పెట్టుకొని బస్సు కొరకు కనిపెట్టుచున్న మనుష్యులు కొందరు కనబడుదురు. వారు వాయిదాలకు పోవువారు.

గత వేసవిలో అట్టివారిలో ఒకాయన మా యొద్దకు వచ్చెను. ఆయన మా సంఘములలో ఒకదానికి పెద్ద. ఆయనకును సొంత తమ్మునికిని తండ్రి నాటిన రెండెకరముల మామిడితోటను గూర్చి 19 ఏండ్లుగా వ్యాజ్యెము నడచుచుండెను. మొదటి కోర్టులో అన్న గెలిచెను. జిల్లా కోర్టులో తమ్ముడు గెలిచెను. హైకోర్టు ఆ రెండవ తీర్పునే నిలిపెను. అప్పుడు అన్న తనకు వేరుగా ఉన్న మాగాణిలో అరయెకరము అమ్మి ఢిల్లీ వరకు పోయెను. అక్కడ కూడ కొట్టివేయబడెను.

“మా వకీలు లేచాడు, రెండు మాటలు చెప్పాడు, కూర్చున్నాడు. అంతే, అయిపోయిందండి” అని ఆయన మాతో చెప్పెను. కొంతసేపు ఊరకుండి, “అయ్యగారూ, ఆ కోర్టుకి పైన ఇంకో కోర్టు లేదంటున్నారు. అయితే దేవుడు కూడా మా తమ్ముడి పక్కే తీర్పిచ్చినట్టా అండి?” అని అడిగెను.

మేము వెంటనే జవాబు చెప్పలేకపోతిమి. ఈ ప్రశ్న ఆయన ఒక్కనిది కాదు. మన పల్లెలలో అనేకులు దీనిని మనస్సులో పెట్టుకొని తిరుగుచున్నారు. కనుక ఈ నెల మనము దీనినే ధ్యానింతము.

పై న్యాయాధిపతికి మొర పెట్టుకొనుట వాక్యమునకు తెలియని సంగతి కాదు. అరణ్యములో మోషే ఒక్కడే ఉదయము మొదలు సాయంకాలము వరకు తీర్పు తీర్చుచు అలసిపోవుట అతని మామ యిత్రో చూచెను. చిన్న సంగతులకు క్రింది అధిపతులను ఏర్పరచి, కఠినమైన వాటిని మాత్రము తన యొద్దకు రానిమ్మని అతనికి ఆలోచన చెప్పెను (నిర్గమకాండము 18). నేటి మన కోర్టుల వరుస కూడ ఇట్టిదే గదా.

పౌలును అప్పీలు చేసెను. ఫేస్తు అతనిని యెరూషలేములో విచారింపవలెనని తలంచినప్పుడు, అతని శత్రువులు త్రోవలో చంపుటకు పొంచియుండవలెనని అనుకొనుచుండిరి. అందుచేత పౌలు రోమా పౌరునిగా తనకున్న హక్కును పట్టుకొని కైసరు న్యాయపీఠమును కోరెను. అతడు అడిగినది ఆస్తి కాదు. పగ తీర్చుకొనుటయు కాదు. ప్రాణము నిలుపుకొని తనకప్పగింపబడిన పని ముగించుటకే అడిగెను.

ఆ అప్పీలు ఫలితమేమి? అతడు కైసరు పేరు ఎత్తకుండినయెడల విడుదల పొందియుండునని అగ్రిప్ప రాజే అభిప్రాయపడెను (26:32). అనగా అప్పీలు అతనికి నష్టమే తెచ్చినట్లు పైకి కనబడెను. మరియొక సంగతి గమనించుడి. కైసరు ఏమి తీర్పు చెప్పెనో ఆ గ్రంథము మనకు చెప్పనే లేదు. పౌలు రెండు సంవత్సరములు అద్దె యింట కాపురముండి, వచ్చినవారికందరికి బోధించుచుండెనని చెప్పి అది ముగియుచున్నది. లోకము తీర్పు కొరకు ఎదురు చూచును. పరిశుద్ధాత్మ అయితే ఆ మనుష్యుడు తీర్పుకు కనిపెట్టుచు ఎట్లు బ్రదికెనో దానినే వ్రాయించెను.

మన ప్రాంతపువారికి పై కోర్టు క్రొత్తది కాదు. సుప్రీం కోర్టు 1950 జనవరిలో ఏర్పడెను. అంతకు మునుపు ఈ దేశపు కడవరి అప్పీలు సముద్రము దాటి లండనులోని ప్రీవీ కౌన్సిలుకు పోవుచుండెను. ఆ యేర్పాటు 1949లో ముగిసెను. మన నూజివీడు జమీందారీ వివాదము కూడ అంత దూరము పోయినది. ఆ ఎస్టేటు వంశములో ఒక్కరికే చెందదగినదా, లేక తక్కిన కుటుంబ ఆస్తివలె పంచుకొనదగినదా అనునదే ప్రశ్న. పంచుకొనదగినదే అని 1880 ప్రాంతమున ప్రీవీ కౌన్సిలు తీర్పు చెప్పెను. ‘నూజివీడు కేసు’ అని న్యాయశాస్త్రము చదువువారు నేటికిని దాని పేరు చెప్పుదురు. అయితే ఏమి? ఎస్టేట్ల రద్దుకై మద్రాసు శాసనము 1948లో వచ్చి, జమీందారీలనే తీసివేసెను. తీర్పు పుస్తకములో నిలిచియున్నది. తీర్పు దేనిని గూర్చియో అది నిలువలేదు.

ఒకడు యేసు ప్రభువు నొద్దకు వచ్చి, పిత్రార్జితములో పాలు పంచిపెట్టుమని తన సహోదరునికి చెప్పవలెనని అడిగినప్పుడు, ప్రభువు ఆ పంపకము చేయుటకు ఒప్పుకొనలేదు. అతని పాలు న్యాయమా కాదా అను మాటయే ఆయన ఎత్తలేదు. లోభము విషయమై జాగ్రత్తపడుమని మాత్రము హెచ్చరించెను. పంపకము తేలిన తరువాత కూడ మిగిలిపోవు రోగమును ఆయన చూచెను.

అయితే కోర్టుకు పోవుటయే పాపమా అని మీరు అడుగవచ్చును. సహోదరునిమీద సహోదరుడు వ్యాజ్యెమాడుటను పౌలు కొరింథీయులకు వ్రాసిన మొదటి పత్రిక 6వ అధ్యాయములో గద్దించెను. ఆ పౌలే కైసరునకు మొర పెట్టెను. ఈ రెండును ఒకదానికొకటి విరోధము కావు. బలవంతుని చేతిలోనుండి తప్పించుకొనుటకు దిక్కులేనివాడు కోర్టు తలుపు తట్టుట ఒకటి. ఒకే బల్లయొద్ద రొట్టె తినినవారు ఒకనినొకడు ఓడించుటకు తట్టుట మరియొకటి.

మొదటిదానికి మన రాష్ట్రములోనే సాక్ష్యము కలదు. విశాఖ మన్యములో అనంతగిరి మండలము బొర్రా ప్రాంతపు గిరిజన గ్రామములలో, గనులు త్రవ్వుటకు గిరిజనులు కాని ప్రైవేటువారికి ప్రభుత్వము లీజులు ఇచ్చియుండెను. ‘సమత’ అను సంస్థ గిరిజనుల పక్షమున వాదించెను. 1995లో హైకోర్టులో ఓడిపోయెను. అంతటితో ఊరకుండినయెడల కథ ముగిసియుండును. వారు సుప్రీం కోర్టుకు పోయిరి. 1997 జూలై 11న ముగ్గురు న్యాయమూర్తులలో ఇద్దరు, షెడ్యూల్డు ప్రాంతములోని భూమిని ప్రభుత్వము సహితము గిరిజనేతరులకు లీజుకు ఇయ్యకూడదని తీర్పు చెప్పిరి. ఒక్కరు భిన్నముగా చెప్పిరి. ఆ ఒక్కరితో మరియొకరు కలిసియుండినయెడల ఆ కొండల గతి వేరై యుండును. బీదవారికి ఇట్టి తలుపు తెరచియుండుటను బట్టి మనము దేవునికి స్తోత్రము చెల్లింపవలెను.

ఇప్పుడు మన సంఘపెద్ద ప్రశ్నకు వత్తము. ఆఖరి కోర్టు మాట దేవుని మాటయేనా?

కాదు. ఆ కోర్టే అట్లు చెప్పుకొనుట లేదు. ఢిల్లీకి పోవు సివిలు కేసులలో అనేకము అప్పీలుకు అనుమతి కోరుచు పోవునవి. కారణములు చెప్పకుండ అట్టి అనుమతిని నిరాకరించినంత మాత్రమున, క్రింది తీర్పు సరియైనదని తాము ముద్ర వేసినట్లు కాదని సుప్రీం కోర్టు 2000లో ఒక కేరళ కేసులో స్పష్టముగా చెప్పెను. అనుమతి ఇయ్యలేదు, అంత మాత్రమే. తీర్పు చెప్పిన పిమ్మట కూడ పునర్విచారణకు రాజ్యాంగమే ఒక దారి ఉంచినది. అదియు తీరిన తరువాత అరుదైన సంగతులలో ఘోరమైన పొరపాటు దిద్దుకొనుటకు మరియొక దారిని కోర్టే 2002లో ఏర్పరచుకొనెను. తాము తప్పిపోవుదుమని తలంచువారే గదా ఇట్టి దారులు ఉంచుకొందురు.

పెద్ద పొరపాటు ఒకటి జరుగనే జరిగినది. అత్యవసర పరిస్థితి కాలమున, 1976 ఏప్రిల్ 28న అయిదుగురు న్యాయమూర్తులలో నలుగురు ఒక తీర్పు చెప్పిరి. నిర్బంధింపబడినవాడు తన స్వేచ్ఛ కొరకు కోర్టుకు రాజాలడని దాని సారాంశము. హెచ్.ఆర్. ఖన్నా గారొక్కరే కాదనిరి. తరువాత ప్రధాన న్యాయమూర్తి పదవి ఆయనకు రావలసియుండగా, ఆయనను దాటించి మరియొకరికి ఇచ్చిరి. 41 ఏండ్లు గడచిన పిమ్మట, 2017 ఆగస్టు 24న తొమ్మిదిమంది న్యాయమూర్తుల ధర్మాసనము ఆ పాత తీర్పు తప్పని చెప్పెను. 1976లో ఆ నలుగురిలో వై.వి. చంద్రచూడ్ గారు ఒకరు. 2017లో దానిని తప్పని వ్రాసినవారిలో ఆయన కుమారుడు డి.వై. చంద్రచూడ్ గారు ఒకరు. తండ్రి తీర్పును కుమారుడు దిద్దెను. కాని ఆ 1976లో చెరలో ఉండినవారి దినములను ఎవరు తిరిగి ఇయ్యగలరు?

ఇందుచేత మనము నేర్చుకొనవలసినది ఇది: ఆఖరి కోర్టు ఆఖరిదగుటకు కారణము అది తప్పు చేయజాలకపోవుట కాదు. వివాదము ఎక్కడనో ఒకచోట ఆగకపోయినయెడల మనుష్యులు కలిసి బ్రదుకలేరు గనుకనే అది ఆఖరిది. కావున దాని తీర్పుకు లోబడుదము. దానిని దైవవాక్కుగా ఎంచకుందము. గెలిచినవాడు “దేవుడు నన్ను నీతిమంతునిగా తీర్చెను” అని చెప్పుకొనరాదు. ఓడినవాడు “దేవుడు నన్ను విడిచెను” అని అనుకొనరాదు.

తీర్పు పలుకలేని మాట ఇంకొకటి కలదు. 1993 మార్చి 8న చిలకలూరిపేట బస్సులో దోపిడికి పోయిన ఇద్దరు యువకులు బస్సుకు నిప్పు పెట్టగా 23 మంది కాలి చనిపోయిరి. గుంటూరు కోర్టు వారికి ఉరిశిక్ష విధించెను, హైకోర్టు సరియనెను, 1996లో సుప్రీం కోర్టు దానినే స్థిరపరచెను. క్షమాభిక్ష కోరగా మొదట నిరాకరింపబడెను. 1997 మార్చిలో ఉరితీయు దినము కూడ నిర్ణయింపబడి, కడపటి ఘడియలలో ఆగెను. ఆ పిమ్మట రాష్ట్రపతి కె.ఆర్. నారాయణన్ గారు దానిని యావజ్జీవ శిక్షగా మార్చిరి. ఆ 23 కుటుంబముల దుఃఖము అందువలన తక్కువ కాలేదు. ఆ నేరము చిన్నది కాలేదు. కోర్టులు తప్పు చేసెనని కూడ దాని అర్థము కాదు. న్యాయము తన పని ముగించిన చోట కనికరమునకు వేరుగా ఒక తలుపు ఉండవలెనని రాజ్యాంగము వ్రాసినవారు ఎరిగియుండిరి. లోకపు రాజ్యాంగమునకే అది తెలిసియుండగా, సిలువ క్రింద నిలిచిన సంఘమునకు తెలియకుండవచ్చునా?

మేము సంఘపెద్దతో ఈ మాటలే కొంచెము కొంచెముగా చెప్పితిమి. పిమ్మట మా తప్పును కూడ ఒప్పుకొంటిమి. ఆ అన్నదమ్ములు ఏండ్ల తరబడి ప్రభు భోజనమునకు కలిసి రాలేదు. అన్న మన గుడికి వచ్చిన ఆదివారమున తమ్ముడు ప్రక్క ఊరి గుడికి పోవును. మేము అది చూచుచునే ఇద్దరికిని రొట్టెయు ద్రాక్షారసమును ఇచ్చితిమి. ఒక్కనాడైనను మధ్యలోనికి పోయి అడుగలేదు. “కోర్టులో ఉన్న సంగతి, మనకెందుకు” అనుకొంటిమి. 19 ఏండ్లు కోర్టులు తమ పని చేసినవి. కాపరులమైన మేము చేయలేదు.

కనుక సహోదరులారా, అప్పీలు చేయ తలంచువారు మూడు సంగతులు తమ్మును తాము అడుగవలెనని కోరుచున్నాము. మొదటిది: నేను కోరునది న్యాయమా, లేక ఎదుటివాని ఓటమియా? రెండవది: నా వ్యాజ్యెములోని సంగతులు క్రింది కోర్టులలో సరిగా రుజువైనవా? హైకోర్టులో రెండవ అప్పీలు చట్టసంబంధమైన ముఖ్య ప్రశ్న మీదనే నిలుచును. సర్వేరాయి ఎక్కడ ఉండెనో అక్కడ మరల మొదటినుండి విచారింపరు. మూడవది: త్రోవలో ఉన్నప్పుడే సమాధానపడుమని ప్రభువు చెప్పినది (మత్తయి 5:25) నేను చేసి చూచితినా? 1987 శాసనము వలన లోక్ అదాలత్తులు ఏర్పడినవి. ఇరుపక్షములు ఒప్పుకొని అక్కడ రాజీపడినయెడల, కోర్టులో కట్టిన ఫీజు తిరిగి వచ్చును. ఆ రాజీపై అప్పీలు ఉండదు. అంతకంటె ముందుగా సంఘము కలదు, పెద్దలు కలరు, అన్న గడప కలదు.

గెలిచినవారికిని ఒక మాట. అబ్రాహాము పెద్దవాడు, ఏరుకొను హక్కు అతనిదే. అయినను లోతును ముందుగా ఏరుకొనుమనెను. హక్కు ఉండియు చేయి వదులుగా ఉంచినవాడు చిన్నబోలేదు.

ఆ తోట ఇప్పుడు చట్టప్రకారము తమ్మునిది. ఈ యేడు మొదటి కోతకు అతడు ఒక గంప చిన్న రసాలు గుడికి కానుకగా తెచ్చెను. అన్న ఆ దినము అక్కడనే ఉండెను. ఒక్క మాటయు పలుకక ఇంటికి పోయెను. మేము చాల దుఃఖపడితిమి. అయితే వారము తిరుగక మునుపే, తండ్రి కాయలు కోయుటకు వాడిన చిక్కము గెడ, ఇన్నాళ్లు తన చావడిలో దాచియుంచినది, కొడుకు చేత తమ్ముని ఇంటికి పంపెను. “చెట్లు అక్కడ ఉన్నాయి, ఇది ఇక్కడెందుకు” అని మాత్రము చెప్పి పంపెనట.

వారు ఇంకను కూర్చుండి మాటలాడుకొనలేదు. రాబోవు ప్రభు భోజనపు ఆదివారమునకు ఇద్దరిని మేమే వెళ్లి పిలువనైయున్నాము. మీరు వారి కొరకు ప్రార్థించుడి. మీ ఊరిలో సంచితో బస్సు కొరకు నిలిచియున్నవాడు కనబడినయెడల, వాయిదా ఎన్నడని అడిగి ఊరకుండక, నీ సహోదరుడు ఎట్లున్నాడని కూడ అడుగుడి. సమాధానకర్తయగు దేవుడు మీకందరికి తోడైయుండును గాక. ఆమేన్.