అసలు అను మాటకు ప్రమాణము

తెర పగిలిన ఫోను చేతబట్టుకొని హైదరాబాదు జగదీశ్ మార్కెట్టులోనో కోఠి గుజరాతీ గల్లీలోనో మరమ్మతు దుకాణముముందు నిలిచిన మనుష్యునకు కలుగు సందేహము, పైకి కేవలము బేరమునకు సంబంధించినదిగా తోచినను, మన దార్శనికులు శతాబ్దములపాటు వాదించుకొన్న సందేహమే. దుకాణదారు రెండు డిస్‌ప్లేలను బల్లపై నుంచి, ఇది ఒరిజినల్, ఇది ఫస్ట్ కాపీ యని చెప్పును. రెండింటి వెనుకను ఒకే సంస్థ ముద్ర, ఒకే తీరు స్టిక్కరు. ధరలో మాత్రము రెండు మూడింతల భేదము. ఇది అసలుదే యను జ్ఞానమునకు ప్రామాణ్యము ఎచ్చటనుండి రావలెను?

ప్రత్యక్షము, అనగా కంటితో చూచి తెలిసికొనుట, బొత్తిగా నిరర్థకము కాదు. ఓఎల్‌ఈడీ తెర నలుపును చూపునప్పుడు అచ్చటి బిందువులు వెలుగుటయే మానును గనుక, చీకటిగదిలో ఆ నలుపు నిజముగా నల్లగా నుండును; దానికి మాఱుగా బిగించు ఇన్‌సెల్ ఎల్‌సీడీ పలకకు వెనుక దీపము వెలుగుచునే యుండుటచే నలుపు బూడిదవన్నెగా కానవచ్చును. కాని ఓఎల్‌ఈడీలోను కాపీలు కలవు గనుక, ఈ పరీక్ష తెర జాతిని తెలుపునే కాని పుట్టుకను తెలుపదు. బ్యాటరీపై ఐఎస్ 16046 అను ప్రమాణసంఖ్యయు, ఆర్ అక్షరముతో మొదలగు నమోదుసంఖ్యయు ఉండవలెనని మన దేశమున నిబంధన కలదు. బీఐఎస్ కేర్ అను యాప్‌లో ఆ సంఖ్యను సరిచూచుకొనవచ్చును. చూచుకొనుట మంచిదే. అయినను ఆ సంఖ్య ఏ తయారీదారునిదో తెలియునుగాని, దానిని ఈ బ్యాటరీపై ముద్రించినవాడు ఆ తయారీదారుడే యని తెలియదు. ముద్రకు సంఖ్య సాక్షి, సంఖ్యకు మఱియొకటి సాక్షి, దానికి వేఱొకటి. శాస్త్రజ్ఞులు అనవస్థ యని దోషముగా నెంచినది ఇదియే.

ఈ అనవస్థకు వెఱచియే మీమాంసకుడైన కుమారిలభట్టు జ్ఞానము స్వతఃప్రమాణమనియు, అది తప్పని చూపు బాధకము బయటపడువఱకు దానిని శంకింప బనిలేదనియు సిద్ధాంతీకరించెను. న్యాయదర్శనమువారగు నైయాయికులు దీనికి ఒడబడక, ఆ జ్ఞానమును నమ్మి చేసిన ప్రయత్నము ఫలించినప్పుడే అది యథార్థమని నిశ్చయమగునని వాదించిరి. నీరని తోచినదానిని సమీపించి త్రాగినవానికి దప్పి తీఱినచో అది నీరే. వాదమునకు ఇది చాలును, దుకాణమునకు చాలదు. నకిలీ బ్యాటరీ తొలివారమున అసలుదానివలెనే పనిచేయును. కొన్ని నెలలకు గాని దాని శక్తి సన్నగిల్లుట, పొట్ట ఉబ్బుట కనబడవు. లిథియము బ్యాటరీ ఉబ్బినతరువాత అగ్నిప్రమాదమునకును అవకాశము కలదు. ఫలము తేలునప్పటికి సొమ్ము పోయి యుండును, పరీక్షయే అపాయమై యుండును.

వేదాంతగ్రంథములందు భ్రాంతికి ఉదాహరణముగా ముత్యపుచిప్పను వెండియనుకొన్నవాని ప్రస్తావన తఱచుగా వచ్చును. ఈ విషయమునకు ఆ దృష్టాంతము సరిపడదని నా యభిప్రాయము. చిప్ప తాను వెండినని ఎవ్వరితోను చెప్పలేదు. దోషమంతయు చూచువాని కన్నులదో వెలుతురుదో. ఇచ్చట చిప్పకు వెండిపూత పూసి, వెండియని పేరుపెట్టి, వెండిధరకు అమ్మిన మనుష్యుడొకడు కలడు. కాబట్టి విచారింపవలసినది ప్రత్యక్షమును కాదు, శబ్దమును, అనగా చెప్పినవాని మాటను. ఆంధ్రుడైన అన్నంభట్టు తన తర్కసంగ్రహమున ఆప్తుని, అనగా మాట నమ్మదగినవానిని, యథార్థవక్తయని నిర్వచించెను. అంతకు ఎంతో పూర్వమే న్యాయభాష్యకారుడు వాత్స్యాయనుడు, వస్తువును సాక్షాత్తుగా నెఱిగి, ఎఱిగినదానిని ఉన్నదున్నట్లు చెప్పగోరువాడు ఆప్తుడనియు, ఈ లక్షణము ఋషులకును ఆర్యులకును మ్లేచ్ఛులకును సమానమే యనియు వ్రాసెను. ఎంత విశాలమైన మాట! చిన్నబల్లముందు భూతద్దము పెట్టుకొని మరలు విప్పు కుఱ్ఱవాడును, తాను బిగించుచున్న భాగము ఎట్టిదో ఎఱిగి దాచక చెప్పినచో, ఆ క్షణమున వాత్స్యాయనుని నిర్వచనమునకు లక్ష్యమగుచున్నాడు.

మనుష్యుని మాటను నమ్మక యంత్రముచేతనే సాక్ష్యము పలికింపవలెనను యత్నమును జరిగినది. యాపిల్ సంస్థ 2021 డిసెంబరులో వెలువరించిన ఐఓఎస్ 15.2 మొదలుకొని, ఫోనులో మార్చిన భాగము అసలైనదో, ఎఱుగనిదో సెట్టింగులలో కనబడుచున్నది. ఇక్కడనే మిక్కిలి ఆలోచింపదగిన విశేషము కలదు. ఒక అసలు ఐఫోనునుండి తీసిన అసలు డిస్‌ప్లేను మఱియొక ఐఫోనునకు బిగించినచో, ఆ ఫోను దానిని ఎఱుగని భాగమనెను. 2024లో వచ్చిన ఐఓఎస్ 18 తరువాతనే అట్టి భాగమును వాడినదని గుర్తించు ఏర్పాటు కలిగినది. మఱియొకప్రక్క, పనివాండ్రు పాత బ్యాటరీ నియంత్రణబోర్డును కోసి క్రొత్త సెల్లునకు అతికించుటయు, పాత తెరలోని సంఖ్యను ప్రోగ్రామరు అను పరికరముతో క్రొత్త తెరలోనికి ఎక్కించుటయు నేర్చిరి. అసలైనది అపరిచితమాయెను, అపరిచితమైనది అసలుదాని గుర్తులు ధరించెను. యంత్రము చూచునది సంఖ్యను గాని పుట్టుకను కాదు.

కావున అసలుతనము వస్తువులో మాత్రమే యుండు గుణమని నేననుకొనను. నకిలీయనునది ప్రధానముగా వాక్కునకు పట్టిన దోషము. కాపీని కాపీయని చెప్పి, కాపీధరకు అమ్మినవానియందు నాకు ఏ పాపమును కనబడదు. తయారీదారుడు భాగములు చేయుట మానిన పాతఫోనునకు అదియే గతి. అసలు తెర ధర పెట్టలేని విద్యార్థి చదువు ఆ కాపీతెరపైననే సాగుచున్నది. కౌటిల్యుడు అర్థశాస్త్రమునందలి కంటకశోధనాధికరణమున కొయ్య, లోహము, మణి, తోలు, నూలు మొదలగు సరకులలో జాత్యము, అనగా మేలైనది, కానిదానిని జాత్యమని అమ్మినవానికి మూల్యమునకు ఎనిమిదింతలు దండము విధించినాడు. తక్కువసరకు అమ్ముటకు కాదు ఆ దండము, దానికి ఎక్కువ పేరు పెట్టుటకు.

పాఠకులారా, ఫోను బాగుచేయించుకొనునప్పుడు బేరమునకు ముందే, బిగింపబోవు భాగము ఒరిజినలో, వాడిన ఫోనునుండి తీసినదో, కాపీయో దుకాణదారునిచేత బిల్లుపై వ్రాయించుకొనుడు. నిజము వ్రాసియిచ్చినవాడు కాపీ బిగించినను వానియొద్దకే మరల పొండు. వ్రాయుటకు సంకోచించినవాడు ఎంత చౌకగా ఇచ్చినను, విప్పకముందే ఫోను తిరిగి తీసికొనుడు.