ఖాళీ పీట ముందరి దీపము

సూళ్లూరుపేట నుండి శ్రీహరికోటకు పోవు బాట పులికాటు సరస్సును నడిమికి చీల్చుకొని సాగును. శీతకాలమున ఆ బాటమీద నిలిచినవానికి ఇరుప్రక్కల మోకాటిలోతు నీటిలో రాజహంసలు, ఇప్పుడందరును ఫ్లెమింగోలని పిలుచు ఆ గులాబివన్నె పక్షులు, మెడలు వంచి, ముక్కులను తలక్రిందులుగా బురదలో ఆనించి, నీటిని వడగట్టుకొనుచు వేలకొలదిగా కనిపించును. ఆ నీరు కడలినీరనుటకు వీలులేదు, ఏటినీరనుటకును వీలులేదు. కాళంగి, ఆరణి వంటి యేళ్లు తెచ్చిన తీపియు, మొగల వెంట చొచ్చిన ఉప్పును అందు కలిసి, వానలకు తీపి హెచ్చుచు, ఎండలకు ఉప్పు హెచ్చుచు, వేసవి ముదిరినప్పుడు ఉత్తరపు భాగమున నీరే లేక నేల నెరలు వారుచు, ఇది యిట్టిదని నిర్ణయించి చెప్పబోవువానిని ఏటేట ఓడించుచుండును.

ఈ సరస్సు దాపుననే మా యిల్లు. అక్కడ నన్నొక ప్రశ్న కొంతకాలముగా పట్టి విడువకున్నది.

ఒకనాటి రాత్రి తొమ్మిది గంటలు దాటినది. భోజనమునకు పిలువబోయిన నాకు నా మనుమడు, పదునాలుగేండ్లవాడు, కంప్యూటరు ముందు వెన్ను నిటారుగా నిలిపి, ప్రక్కన నోటుపుస్తకము తెరచియుంచుకొని కనిపించెను. "అబ్బయ్యా, అన్నం చల్లారిపోతా ఉండాది, లెయ్" అంటిని. వాడు నావైపు తిరుగకయే, "ఇప్పుడు లెయ్యకూడదు తాతా, క్లాసు జరగతా ఉండాది. సారు నన్నే అడగబోతా ఉండాడు" అనెను.

ఆ తరగతి ఒక ఆటలోనిది. మంత్రవిద్యలు నేర్పు కోట యొకటి ఉన్నట్లు భావించి, నానాదేశములందలి ఆటగాండ్రు మారుపేర్లు ధరించి, కొందరు చెప్పువారుగా, కొందరు వినువారుగా ఆ యాట ఆడుదురు. అందు బొమ్మలు తక్కువ, వాక్యములే ఎక్కువ. ఆచార్యుడు తాను గదిలోనికి వచ్చి, దీపము వెలిగించి, బల్లమీద ఒక దుంపను ఉంచినట్లు వ్రాయును. అది పెరికినప్పుడు శిశువువలె ఏడ్చు దుంప. దానిని ఏ చేత పట్టవలెనో, చెవులెట్లు మూసికొనవలెనో అతడు చెప్పగా, శిష్యులు ఒక్కొక్కరుగా తాము చేసినది వ్రాయుదురు. ఒకడు తొందరపడి మూర్ఛపోయినట్లు వ్రాయును. ఆచార్యుడు వానిని లేవనెత్తి, తప్పెక్కడ జరిగినదో చెప్పి, ఇంటికి పని యిచ్చి, తరువాత దానిని దిద్ది మార్కులు వేయును. దుంప అబద్ధము, కోట అబద్ధము, గురుని పేరు అబద్ధము, శిష్యుని పేరు అబద్ధము. ఇన్ని అబద్ధముల నడుమ నా మనుమని వెన్ను మాత్రము నిజముగనే నిటారుగా నిలిచియున్నది. ఇది యధ్యయనమా, అధ్యయనమునకు వేషమా? చెప్పబడినదియు లేక, చెప్పినవాడు ఎవడో తెలియక, విన్నవాడు మరొకనిగా నటించుచుండగా, అక్కడ జరిగినది పాఠమని ఏ ధైర్యముతో అనగలము?

ఆట క్రొత్తదే గాని ప్రశ్న ప్రాచీనము. బ్రహ్మసూత్రభాష్యమున, రెండవ అధ్యాయపు మొదటి పాదమునందలి ఆరంభణాధికరణమున, శంకరభగవత్పాదులు ఈ శంకనే పూర్వపక్షి నోట పలికించి, దానినుండి తప్పించుకొనక సమాధానమిచ్చిరి. వ్యవహారమంతయు మిథ్యయైనచో గురువును శాస్త్రమును మిథ్యలే యగును. త్రాటిపాము కరచి చచ్చినవాడు లేడు. అట్టియెడ మిథ్యాశాస్త్రము వలన సత్యజ్ఞానమెట్లు పుట్టునని పూర్వపక్షి వాదము. దానికి ఆచార్యులు లోకానుభవము నుండియే ప్రత్యుత్తరము తెచ్చిరి. విషము తగిలెనను శంకమాత్రముననే ప్రాణము విడిచినవారు కలరు. కలలో పాము కరచినచో మేల్కొన్నంతనే ఆ పాము లేకపోవును గాని, పామును కంటినను ఎరుక లేకపోదు. తరువాతి వేదాంతులు ఏనుగు కలలోని సింహమును చెప్పిరి. సింహము లేకున్నను దానిని చూచి ఉలికిపడిన ఏనుగు నిజముగనే మేల్కొనును. తిరువణ్ణామలైలో రమణమహర్షియు గురువును గూర్చి ఈ దృష్టాంతమునే వాడెడివారు.

ఎన్నియో పర్యాయములు చదివిన ఈ సమాధానము నన్ను సగము దూరము మాత్రమే నడిపించినది. కల్పితము గనుక వ్యర్థమని త్రోసివేయువారి నోరు ఇది మూయించును. అయితే ఉలికిపడి మేల్కొనుట క్షణకార్యము. చదువు అట్టిది కాదు. సింహము మేల్కొల్పునే గాని నేర్పదు. తరగతి లోపల ఏమి జరుగునో తెలియవలెనన్న ఆటలలోనికే తిరిగి చూడవలెను.

అన్ని యాటలలోను గురువులు ఒక్కతీరువారు కారు. 2004లో వెలువడిన వరల్డ్ ఆఫ్ వార్‌క్రాఫ్ట్ అను ఆటలో, తొలినాళ్లలో, ఆటగాడు మెట్టెక్కిన కొలదిని పట్టణమునకు పోయి, తన వృత్తికి నియమింపబడిన శిక్షకుని యెదుట నిలిచి, నాణెములు చెల్లించి క్రొత్త మంత్రమును పొందవలసియుండెను. చెల్లించిన క్షణముననే అది వచ్చెడిది. ఆ శిక్షకుడు యంత్రము ఆడించు బొమ్మ. అర్ధరాత్రి పోయినను, ఏడాది తరువాత పోయినను అదే చోట నిలిచి అవే మాటలు పలుకును. 2003లో వచ్చిన ఈవ్ ఆన్‌లైన్ అను నక్షత్రనౌకల ఆటలో మరొక వింత కలదు: ఏ నైపుణ్యము కావలెనో ఎంచుకొని, కంప్యూటరు కట్టివేసి నిద్రించినను, గంటలు గడచినకొలది ఆ నైపుణ్యము దానంతటదియే చేకూరును. మన పెద్దలు విద్యను నాలుగు పాళ్లు చేసి, గురువునకొక పాలు, స్వబుద్ధికొక పాలు, తోడివారికొక పాలు, కాలమునకొక పాలు పంచిరి. మొదటి ఆట నాలుగు పాళ్లను నాణెమునకు అమ్మివేసినది; రెండవది కాలముపాలు ఒక్కటే మిగిల్చినది. చిత్రమేమన, ఆ రెండవ ఆటలోనే, నిద్రలో విద్య వచ్చు ఆ లోకముననే, ఆటగాండ్రు తమంత తాము 2004లో ఈవ్ యూనివర్సిటీ అను సంఘమును నెలకొల్పి, క్రొత్తవారికి ఉచితముగా తరగతులు చెప్పుట ఆరంభించిరి. నైపుణ్యము ఊరకయే వచ్చుచున్నను, చెప్పువాడొకడు కావలెనని వారికి తోచినది. ఈ చిన్న విషయమున ఎంతో గొప్ప మానవసత్యమున్నదని నా నమ్మకము.

తిరుమలలోని ధర్మగిరి వేదపాఠశాలవంటి చోట్ల సంథ చెప్పు పద్ధతి చూచినవారికి ఈ సత్యము మరింత స్పష్టపడును. గురువు ఒకమారు పలుకును, శిష్యులు రెండుమారులు పలుకుదురు. పలుకుచున్నంతసేపు గురువు పుస్తకము చూడడు; శిష్యుల పెదవులు చూచును. స్వరము ఒక్కటి దిగజారినచో అతని తల ముందుగా కదలును, మాట తరువాత వచ్చును. మరల అదే పనస, మరల అదే పలుకు. ఆ వేదము ఈనాడు ముద్రణలో ఉన్నది, ధ్వనిముద్రికలలోను ఉన్నది. అయినను ఆ తలకదలిక కొరకే పిల్లలు అక్కడ యేండ్లకేండ్లు కూర్చుండెదరు.

ఏకలవ్యుని కథను మనము పట్టుదలకు దృష్టాంతముగా చెప్పుకొందుము. ద్రోణుని క్రౌర్యమునకు దృష్టాంతముగా చెప్పువారును కలరు, వారి మాటయు న్యాయమే. నాకు ఆ కథలో వేరొకటి కనిపించును. విద్యవరకు మట్టిబొమ్మ చాలినది. ఆ బొమ్మ యెదుట ఆ పిల్లవాడు రేయింబవళ్లు సాధన చేసి అర్జునునికే అసూయ పుట్టించెను. బొటనవ్రేలు అడుగబడిన నాడు మాత్రము మట్టిబొమ్మ చాలలేదు. తొలిబాణము గురి తప్పిన నాడు ప్రక్కన నిలిచి నొచ్చుకొన్నవాడు, నారి కోసిన వ్రేలికి ఆకుపసరు పిండినవాడు, ఆ వ్రేలినే కోసి యిమ్మని అడుగగలడా? ద్రోణుడు అడుగగలిగెను, ఏలయన ఆ వ్రేలి చరిత్ర అతనికి తెలియదు. కావున ఆచార్యుడనగా ఎవడని నన్నడిగినచో, శిష్యుడు తప్పినప్పుడు నొచ్చుకొనువాడు, రానప్పుడు వెదకువాడు అని చెప్పుదును. చెప్పిన విషయము నిజమా కల్పితమా అనునది దాని తరువాతి మాట.

కల్పితము మా సీమకు క్రొత్తయు కాదు. చిత్తూరు వైపు ద్రౌపదమ్మ గుడులు, ధర్మరాజుల గుడులు ఉన్న ఊళ్లలో వేసవిని భారతము జరుపుదురు. పగలు హరికథ, రాత్రి వీధినాటకము, పదునెనిమిది దినములు సాగు ఊళ్లును కలవు. అర్జున తపస్సు నాడు వేషధారి ఆకాశమంత తపస్సుమాను ఎక్కుచు, నడుమ నడుమ నిలిచి పాడుచు, కొననుండి నిమ్మపండ్లును పూలును విసరును. సంతానము కోరు స్త్రీలు తడిబట్టలతో మాను క్రింద సాగిలపడి వేచియుందురు. దుర్యోధన వధ నాడు నేలమీద పరచినట్లు మలచిన పెద్ద మట్టివిగ్రహపు తొడను భీమవేషధారి గదతో మోదును. ఎక్కినవాడు అర్జునుడు కాడని అందరికి తెలియును; వాని యుపవాసము మాత్రము నిజము. చిన్ననాట నేను చూచిన ఒక తపస్సులో నాటకము నేర్పిన అయ్యవారు, పండుముదుసలి, మాను మొదట నిలిచి మెడ వెనుకకు వాల్చి పైకి చూచుచుండెను. పైనున్నవాడు పాడు ప్రతి పదము క్రింద ఆయన పెదవులపై నిశ్శబ్దముగా ఆడుచుండెను. ఒకచోట పైవాడు చరణము మరచి నిలిచిపోగా, జనమెవ్వరును గమనింపకమునుపే, ఈ ముసలివాని చేయి తన నోటినే కప్పికొనినది. చరణము అందుకొనువరకు ఆ చేయి దిగలేదు. అరువదేండ్లు గడచినవి, ఆ నాటకపు పాట ఒక్కటియు నాకు జ్ఞాపకము లేదు, ఆ చేయి జ్ఞాపకమున్నది.

2023 డిసెంబరు 5న మిచాంగ్ తుపాను బాపట్ల దగ్గర తీరము దాటినది. దానికి ముందే మా ప్రాంతము వానలలో మునిగెను. మా వీధిలో కరెంటు పోయినది, ఫోనులు మూగవోయినవి. మా మనుమనికి నీటికన్న తరగతి తప్పునను దిగులే పెద్దదైనది. నాలుగవనాడు కరెంటు రాగానే వాడు కూర్చుండి, చదివి, చాలసేపు మాటాడక, తెరను నావైపు త్రిప్పెను. తుపానునాటి పాఠమున ఆచార్యుడు ఇట్లు వ్రాసియుండెను: గదిలో ఒక పీట ఖాళీగా ఉన్నదనియు, దాని ముందర తానొక దీపము పెట్టితిననియు, దాని యజమాని వచ్చువరకు తక్కినవారు దానిని కొండెక్కనీయరాదనియు. ఆ తరువాతి రాత్రులందు శిష్యులు పాఠము నడుమ వంతులవారీగా ఒక్కొక్క వాక్యము వ్రాసిరి. ఒకడు నూనె పోసెను, ఒకతె వత్తి ఎగద్రోసెను, ఒకడు కిటికీ తలుపు మూసి గాలి రాకుండ అడ్డు నిలిచెను. మావాడు తూర్పు తీరమున ఒక సరస్సు ప్రక్కన నుండునని తప్ప ఆ యాచార్యునికి మరేమియు తెలియదు.

మారుపేరు వెనుక దుష్టుడును దాగియుండవచ్చును. ఊరిపేరు, ఇంటిగుర్తులు, ఛాయాచిత్రములు ఎవ్వరికిని ఈయవద్దని వానికి ఆదినుండియు చెప్పియున్నాను, ఇప్పుడును చెప్పుచున్నాను. అయినను ఆ రాత్రి నాకు భాష్యమునందలి మిగిలిన సగము తెలిసినది. ఆ దీపము లేదు, ఆ నూనె లేదు, ఆ పీటయు లేదు. ఒకడు రాలేదని మరొకడు గమనించెను; ఆ గమనికను ఏ మేలుకొలుపు బాధించును? కోట కూలినను, ఆట మూతబడినను, ఆ రాత్రులన్నియు తనకొరకు ఎదురుచూచినవారు కలరను ఎరుక ఆ పిల్లవానియందు అబాధితముగా నిలుచును. ఆ యెరుక కలిగించినవాడు ఏ పేరు పెట్టుకొన్నను ఆచార్యుడే. కంప్యూటరు కట్టివేయుమని పిల్లలను గద్దించు తలిదండ్రులను నేను కోరునది ఒక్కటే: గద్దింపుకు ముందు, నీవు పోనినాడు అక్కడ నిన్ను అడుగువారు ఎవరైన కలరా అని అడుగుడు. లేరన్నచో అది సంత, కట్టివేయించుడు. కలరన్నచో వారెవరో, ఏమి చెప్పుచున్నారో, ప్రక్కన కూర్చుండి వినుడు.

మొన్నటి కార్తికమున ఆ కోటలో మావానికి క్రొత్తపిల్లలకు పాఠము చెప్పు పని అప్పగించిరి. అద్భుతపక్షులను గూర్చి చెప్పవలెనట. వాడు నన్ను వెంటబెట్టుకొని దొరవారిసత్రము దగ్గరి నేలపట్టుకు రెండు ఉదయములు వచ్చెను. 1976లో పక్షులకు రక్షితస్థలముగా ప్రకటింపబడిన ఆ చెరువున నీటిలోనే నిలిచి పెరుగు చెట్లమీద గూడబాతులు గూళ్లు కట్టును. పిల్ల తన ముక్కునే కాక తలను గూడ తల్లి గొంతుసంచిలోనికి దూర్చి చేపను తీసికొనుట వాడు చూచి, నోటుపుస్తకమున బొమ్మ గీసికొనెను. ఆ పక్షుల రెట్టలు పడిన చెరువునీరు పొలములకు ఎరువని అక్కడి రైతులు చెప్పగా, అదియు వ్రాసికొనెను. శనివారము రాత్రి తొమ్మిది గంటలకు పాఠము. నేను ప్రక్కన కూర్చుంటిని. తొమ్మండుగురు రావలసియుండగా ఏడుగురు వచ్చిరి. పాఠము ముగిసిన పిమ్మట వాడు రానివారిద్దరికిని చెరియొక జాబు వ్రాసి గాని నిద్రకు లేవలేదు.