యశోదమ్మ గ్రహశంక

శ్రీమద్భాగవత దశమస్కంధములోని శకటభంజన కథ ఎల్లరకు తెలిసినదే. బాలకృష్ణుడు బోరగిలబడిన వేడుకకు జన్మనక్షత్రము కూడివచ్చిన దినమున యశోదాదేవి బిడ్డకు మంగళస్నానము చేయించి, నిదురపుచ్చి, బండిక్రింద పరుండబెట్టి, అతిథిమర్యాదలలో మునిగియుండెను. మేల్కొనిన స్వామి పాలకై ఏడ్చుచు కాళ్లు విదలించెను. ఆ చిన్నిపాదము తాకి పెద్దబండి తలక్రిందులయ్యెను. ఎట్లు పడెనని పెద్దలు కలవరపడుచుండగా, చెంత ఆడుకొనుచున్న బాలురు పసివాని కాలు తగిలి పడినదని చెప్పిరి. పెద్దలు ఆ మాట నమ్మలేదు. యశోదమ్మయో, బిడ్డకు గ్రహము సోకినదేమో యని శంకించి, ఎత్తుకొని, విప్రులచే స్వస్తివాచనము చేయించి, పాలిచ్చెను.

సకలగ్రహములకు నియామకుడైన వానికే గ్రహశంక! అయినను భాగవతము ఆ తల్లిని తప్పుపట్టలేదు. ఆమె భయము వాత్సల్యమునుండి పుట్టినది. కాని ఆ ఘట్టమున గమనింపదగినది మరొకటి కలదు. జరిగినదానిని కన్నులార చూచినవారు బాలురు. వారి మాటను చెవినిడనందున పెద్దల కలవరము తీరలేదు.

ఇట్టి శంక నేటి ఇండ్లలోను కలుగుచున్నది. పుట్టి కొద్దిదినములే యైన శిశువు ఆదమరచి నిద్రించుచుండగా, ఉన్నట్టుండి చేతులు, కాళ్లు అదరిపడును. ఒక అదురు వెంట మరొకటి వచ్చును. పురిటిమంచముపై నున్న తల్లి అది మూర్ఛయని తల్లడిల్లును. ఇంటి పెద్దలు బాలగ్రహమందురు. ఆ మాట ప్రాచీనమైనదే. సుశ్రుతసంహిత ఉత్తరతంత్రము తొమ్మిది బాలగ్రహములను పేర్కొన్నది. వానిలో పూతన యొకటి. శిశువుల వ్యాధులను లక్షణములనుబట్టి వేరుపరచి పేరుపెట్టుటకు పూర్వులు చేసిన యత్నమది.

ఆ యత్నము నేటికిని సాగుచున్నది. 1982లో కౌల్టర్, ఆలెన్ అను వైద్యులు ఈ నిద్రలోని అదురును మూర్ఛనుండి వేరుచేసి వర్ణించిరి. ‘బినైన్ నియోనేటల్ స్లీప్ మయోక్లోనస్’ అని దీనికి పేరు. నవజాత శిశువులకు నిద్రలో మాత్రమే వచ్చు, హానిలేని కండరముల అదురని భావము. బిడ్డను మేల్కొలిపిన వెంటనే ఆగిపోవును; కాలో చేయో పట్టుకొన్నంతమాత్రమున ఆగదు. ఊయల ఊపినపుడు ఎక్కువగుటయు కలదు. మెదడులోని విద్యుత్స్పందనలను చూపు ఇ.ఇ.జి. పరీక్షలో, అదురు వచ్చుచున్న సమయమున సైతము మూర్ఛ చిహ్నములుండవు. సాధారణముగా కొన్ని నెలలలో తనంత తానే పోవును. దానివలన బిడ్డ బుద్ధికి, ఎదుగుదలకు లోపము కలుగదు. మందు అక్కరలేదు, మూర్ఛకు వాడు కొన్ని మందులు దీనిని హెచ్చించుటయు కలదు.

అయినను ఇది హానిలేనిదని నిర్ణయింపవలసినది వైద్యుడే. మెలకువలోను అదురు వచ్చినను, లేపినను ఆగకున్నను, ఒడలు నీలివర్ణము దాల్చినను, ఊపిరి తడబడినను, జ్వరమున్నను, పాలు త్రాగకున్నను క్షణమైన ఆలస్యము చేయక ఆసుపత్రికి కొనిపోవలెను. తక్కిన సమయములలో వైద్యుని యెదుట బిడ్డ మేల్కొనియుండును, అదురు కానరాదు. కావున చూచినవారి సాక్ష్యమే నిర్ణయమునకు మూలము. సెల్‌ఫోనులో చిత్రించి చూపిన దృశ్యము వైద్యునకు ఎంతయో తోడ్పడును. వ్రేపల్లె బాలుర మాట వంటిదా సాక్ష్యము.

నిర్ణయము తెలిసిన పిదప మనస్సునకు పరీక్ష మొదలగును. పేరు తెలిసినను కొందరికి భయము వదలదు. కొందరు ఒక ఆసుపత్రినుండి మరొకదానికి తిరుగుచునే యుందురు. కొందరు కోడలి జాతకమును నిందింతురు. వాతలు పెట్టించువారును లేకపోలేదు. బిడ్డకు అదురు వలన కలుగని హాని ఆ వాత వలన కలుగును. శరణాగతికి పెద్దలు ఆరు అంగములు చెప్పిరి. వానిలో మహావిశ్వాస మొకటి. స్వామి రక్షించునని నమ్మి మరల శంకింపకుండుట దాని స్వరూపము. ప్రాతికూల్యవర్జనము మరొకటి, స్వామికి ఇష్టముకానిదానిని విడుచుట. ఆయన ఒడిలో పెట్టిన పసికందును నిష్కారణముగా బాధించుటకంటె ఆయనకు ఇష్టముకానిది ఏమి కలదు? బిడ్డను చక్కగా పరీక్షించి వైద్యుడు చెప్పిన సత్యమును గ్రహించుటయు ఆయన రక్షణను స్వీకరించుటయే.

పూతన మరణించిన నాడు గోపికలు శిశువు అంగములకు కేశవాది నామములతో రక్ష కట్టిరి. ఆ నామములు నేటి తల్లికిని కలవు. వైద్యుని కడకు పోవునపుడు ధైర్యము, తిరిగివచ్చునపుడు కృతజ్ఞత వానివలననే కలుగును. శంకపడిన యశోదమ్మ కడపట చేసినదేమి? బిడ్డకు పాలిచ్చెను. హానిలేదని విన్న తల్లి చేయవలసినదియు అదియే. ఆపద్బాంధవుడగు శ్రీనివాసుడు ప్రతి తల్లికిని ఆ నిశ్చింతను అనుగ్రహించుగాక!