వైశ్వానరుని వంట

ధనుర్మాసము ప్రవేశించి తొమ్మిదవదియో పదవదియో దినము నడచునప్పటికి క్రిస్మసు పండుగ వచ్చును. ఈ రెండు పంచాంగములును ఒకదానినొకటి ఎరుగవు. అయినను కొండాపురమున మేము నివసించు ఇండ్ల సముదాయములో క్రింది యంతస్తున తెల్లవారుజామున తిరుప్పావై పాశురమును, పై యంతస్తున రాత్రివేళ క్రిస్మసు కీర్తనమును ఆ దినములలో వినబడుచుండును. ఒకప్పుడు రాళ్ళగుట్టలుగా నుండిన ఈ నేలమీద 1998వ సంవత్సరమున సైబర్ టవర్సు వెలసినది మొదలు, తెలుగు నాటి నలుమూలల నుండియు, దేశమునందలి పెక్కు ప్రాంతముల నుండియు ఉద్యోగార్థులై వచ్చిన కుటుంబములు ఒకే గోడకు ఇరుప్రక్కల పొయ్యిలు పెట్టుకొని వండుకొనుచున్నవి. ఒకే గోడకు ఇరుప్రక్కల వండుకొనుట వేరు, ఒకే పాత్రనుండి వడ్డించుకొని తినుట వేరు. ఈ రెంటి నడుమ గల దూరమును గూర్చి నన్ను ఆలోచింపజేసినది ఒక క్రిస్మసు విందులో కలిపిన పచ్చికూరల సలాడు.

మా పై యంతస్తున నుండు మిత్రుడు మెదకు ప్రాంతమువాడు. రాయదుర్గమున నేను పనిచేయు కార్యాలయముననే పనిచేయువాడు. ఆ సంవత్సరము కృష్ణా జిల్లా నుండి మా తల్లిగారు వచ్చి మాతో ఉండిరి. ఆమెకు ధనుర్మాసమునందు ఒక నియమము కలదు. గోదాదేవి తిరుప్పావైలో తన వ్రతారంభమున గోపికలచే పాలు నేయి విడిపించి, ఇరువది యేడవ పాశురమున నేయి ఓడు తీయని అన్నమును అందరితో కూడియుండి తినునట్లు చేసెను గదా. మా తల్లిగారును ఆ ఇరువది యేడవ దినము వరకు పాలు నేయి ముట్టరు, పరాన్నము భుజింపరు. మిత్రుడు మమ్మందరిని విందునకు పిలిచినపుడు నేను మొగమాటముతో ఈ సంగతి చెప్పగా, అతడు క్షణమైనను చిన్నబుచ్చుకొనక, "అమ్మగారి కోసం పొయ్యి ముట్టనిది ఏదైనా చేద్దాం, మీరు తప్పక రావాలి" అనెను. బిరియానియు, కేకును, గులాబిపువ్వులును సిద్ధమగుచున్న ఆ ఇంటిలో ఒక వృద్ధురాలి నియమము కొరకు పచ్చికూరల పళ్ళెమొకటి పుట్టుటకు ఇదియే కారణము.

పచ్చిదానికి లేని దోషము వండినదానికి ఎట్లు వచ్చెనని అడిగినచో మన పెద్దలు చెప్పు సమాధానమిది: నిప్పు తాకినపుడు వండువాని గుణము అన్నమునందు ప్రవేశించును, చెట్టు ఇచ్చినది చెట్టు ఇచ్చినట్లే యున్నంత వరకు అందు మనుష్యుని స్పర్శ నిలువదు. ఈ హేతువు చేతనే తోటమాలి తెచ్చిన అరటిపండు దేవునికి నైవేద్యమగుచున్నది. భగవద్గీత తొమ్మిదవ అధ్యాయమున భగవానుడు భక్తుని యొద్ద తాను స్వీకరింతునని చెప్పిన పత్రము, పుష్పము, ఫలము, తోయము అను నాలుగింటిలో ఒక్కటియు పొయ్యి ఎక్కినది కాదు. మా మాతామహి కాలమున ఈ విభాగము మరింత సూక్ష్మముగా నుండెడిది. దోసకాయ ముక్కలు ఎవరింటనైనను తినవచ్చును, ఉప్పు పడినంతనే అవి అన్నముతో సమానమగును, పిదప తినరాదు. పొయ్యి లేకున్నను ఉప్పు వంట చేయునని ఆమె విశ్వాసము. బాల్యమున నాకది వట్టి ఛాందసముగా తోచెను గాని, ఇప్పుడు ఆ మాటలో ఒక లోతు కనబడుచున్నది. ఉప్పు వేయువాడు ఎదుటివాని రుచిని తలచుకొని వేయును. అచ్చటినుండి ఆ పదార్థమునందు ఒక మనస్సు చేరును.

ఆ మనస్సు మంచిదో చెడ్డదో అను శంకయే ఆహారశుద్ధి విచారమునకు మూలము. ఛాందోగ్యోపనిషత్తు ఏడవ అధ్యాయమున సనత్కుమారుడు నారదునకు చేసిన ఉపదేశాంతమున, ఆహారము శుద్ధమైనచో అంతఃకరణము శుద్ధమగునని చెప్పబడినది. శంకర భగవత్పాదులు ఆహార శబ్దమునకు ఇంద్రియములచే లోనికి గ్రహింపబడు శబ్దాది విషయముల జ్ఞానమని అర్థము చెప్పి, రాగద్వేషమోహములు లేని గ్రహణమే శుద్ధియనిరి. రామానుజాచార్యులో, శ్రీభాష్యమున సాధన సప్తకమును వివరించుచు, జాతి, ఆశ్రయ, నిమిత్త దోషములు లేని అన్నముచే కలుగు కాయశుద్ధిని వివేకమను మొదటి మెట్టుగా నిలిపిరి. పదార్థము యొక్క స్వభావదోషము జాతిదోషము, అది ఎవని యొద్దనుండి వచ్చెనో వాని దోషము ఆశ్రయదోషము, వెంట్రుకయో ఎంగిలియో సోకుట నిమిత్తదోషము. పైకి చూచిన శంకరుల మార్గము విశాలముగను రామానుజుల మార్గము సంకుచితముగను తోచును. నేనును చిరకాలమట్లే తలచితిని.

కాని అదే రామానుజుల చరిత్రమున వైష్ణవ సంప్రదాయము భక్తితో చెప్పుకొను ఒక ఘట్టము కలదు. కాంచీపురమున వరదరాజస్వామికి వింజామర వీచు తిరుక్కచ్చినంబి బ్రాహ్మణేతరుడు. ఆయన భుజించిన శేషమును తాను ప్రసాదముగా స్వీకరింపవలెనని కోరి రామానుజులు ఆయనను భోజనమునకు ఆహ్వానించిరి. నంబి, రామానుజులు ఇంట లేని వేళ వచ్చి, భుజించి వెడలిపోయెను. రామానుజుల ధర్మపత్ని మిగిలినదానిని ఇతరులకిచ్చి, తావు శుద్ధిచేసి, స్నానమాడి, భర్తకు వేరుగ వండెను. ఆయన తిరిగివచ్చి ఇదంతయు విని మిక్కిలి దుఃఖించిరట. నిమిత్తదోషము లేని అన్నము వలెనని భాష్యమున వ్రాయనున్న మహనీయుడు ఎంగిలి కొరకే విలపించెనన్నమాట! ఇందు విరోధము లేదని నాకిప్పుడు నిశ్చయముగా తోచుచున్నది. ఆశ్రయము అనగా పుట్టిన కులము కాదని, హృదయమని, ఆ హృదయము భగవంతునిచే నిండియున్నపుడు ఎంగిలియు పవిత్రమగునని ఆయన తన ఆకలితోనే వ్యాఖ్యానించిరి. 2022 ఫిబ్రవరి 5వ తేదీన మన నగరపు అంచున ముచ్చింతలలో ఆవిష్కృతమైన రెండువందల పదునారు అడుగుల ఆయన విగ్రహమునకు సమతామూర్తియని పేరిడిరి. ఆ పేరు వినునపుడెల్ల నాకు ఆ ఎత్తుకన్న, కాంచీపురమున ఒక మధ్యాహ్నము అందక పోయిన ఆ అన్నశేషమే స్మరణకు వచ్చును.

ఇక ఎదుటి పక్షమును గూర్చి చెప్పకున్న ఈ విచారము న్యాయము కాదు. మిత్రుని తల్లిగారు మెదకున పుట్టి పెరిగినవారు. అచ్చటి మహాదేవాలయము చార్లెస్ వాకర్ పాస్నెట్ దొరగారి పూనికతో 1914లో ఆరంభమై 1924 డిసెంబరు 25న ప్రతిష్ఠితమైనది. కరవు దినములలో ఆ రాళ్ళు మోసినవారికి కూలికి బదులుగా తిండి పెట్టిరని ఆ ప్రాంతమున నేటికిని చెప్పుకొందురు. ఆమెకు గుడి అన్నను గింజ అన్నను ఒకే మాటవంటివి. అట్టి యింటికి పోయి, "మీరు వండినది మేము తినము" అనుట ఎంత మృదువుగా అన్నను, తరతరములుగా ఆ మాటను కఠినముగా విన్న చెవులకు మృదువుగా వినబడునా? పండు పుచ్చుకొని అన్నము నిరాకరించుట అను మర్యాద వెనుక, ఈ దేశమున ఎందరినో గడప వెలుపల నిలిపిన గోడయు కలదు. మా తల్లిగారి నియమము ఏ కులమును ఉద్దేశించినది కాదని, మా మేనమామ ఇంటనైనను ఆమె ఆ నెల భుజింపరని నేనెరుగుదును. అయినను ఆ సాయంకాలము మెట్లెక్కుచున్నపుడు నా పాదములు బరువెక్కెను.

ఆ బరువును దింపినది మిత్రుని తల్లియే. వారి గ్రంథమునను ఈ ప్రశ్న క్రొత్తది కాదు. దానియేలు బబులోను రాజు పెట్టు భోజనమును వలదని, పది దినములు శాకధాన్యములును నీళ్ళును ఇప్పించుమని అడిగెను. అపొస్తలుడైన పౌలు రోమీయులకు వ్రాసిన పత్రిక పదునాలుగవ అధ్యాయమున, అన్నియు తినువాడు తిననివానిని తృణీకరింపరాదనియు, తిననివాడు తినువానికి తీర్పు తీర్పరాదనియు బోధించెను. ఆమె ఈ రెండు సంగతులను ఎంతో సహజముగా ప్రస్తావించి, "మా పుస్తకంల గూడ గిట్ల ఉపాసమున్నోళ్లు ఉన్నరు వదినా, గిదేం కొత్త ముచ్చట గాదు" అని మా తల్లిగారిని వంటయింటిలోనికే పిలుచుకొని పోయెను. పిలుపు భోజనపు బల్ల దగ్గరకు గాక వంటయింటిలోనికి వచ్చుట వలన మిగిలిన కథయంతయు మారినది.

నేను ఆ యుదయము కూకట్పల్లి రైతుబజారుకు పోయి తెచ్చినవి అచ్చట పరచియుండెను. సన్నని ముల్లంగులు, క్యారెట్టు, కీరదోసలు, వలిచిన పచ్చి బఠాణీ, దోరజామలు, దానిమ్మ, కమలాలు, రేగుపండ్లు, కొత్తిమీర, కొబ్బరికాయ. పెసరపప్పును ఆమె మధ్యాహ్నమే నానబెట్టి యుంచెను. మిత్రుని వంటయింట సన్నని కత్తులు, కోతపలకలు ఎన్నియో యుండగా, ఆ తల్లి గట్టు క్రిందినుండి మెదకు నుండి తెచ్చుకొన్న కత్తిపీటను తీసి వాల్చినది. మా తల్లిగారు తమ కత్తిపీటను క్రిందినుండి తెప్పించుకొనిరి. ఇరువురును నేలపై ఎదురెదురుగా కూర్చుండి, ఒకరు జామను పలుచని బిళ్ళలుగను మరియొకరు ముల్లంగిని తురుముగను చేయుచుండ, బిరియాని కుండ మూతపై ఆవిరి నీరై జారుచుండెను. శీతకాలమున ఇన్ని పచ్చివస్తువులు కడుపునకు సరిపడునా యని నా భార్య సందేహింపగా, హేమంతమున జఠరాగ్ని ప్రబలముగ నుండుననియు, దానికి తగిన ఇంధనము వేయకున్న అది దేహరసమునే దహించుననియు చరకసంహిత చెప్పు మాటను నేను జ్ఞాపకము చేసితిని. అల్లము తురుము, నువ్వులు, గానుగనూనె చేర్చుటలో ఇరువురికిని భేదాభిప్రాయము లేకుండెను. ఆ తల్లి అలవాటు చొప్పున తాలింపు గరిటె చేతికి తీసుకొనగా మాత్రము, మా తల్లిగారు, "వద్దు వదినగారూ, తాలింపు పడితే అది వంటైపోతుంది" అనిరి. ఆమె నవ్వి గరిటెను గోడ మేకునకు తగిలించెను.

అప్పుడే నాకు గీతయందలి పదునైదవ అధ్యాయము స్ఫురించినది. అందు రెండు శ్లోకములు ప్రక్కప్రక్కన నున్నవి. తాను రసాత్మకుడైన సోముడై ఓషధులనన్నిటిని పోషించుచున్నానని ఒకదానియందును, తాను వైశ్వానరుడై ప్రాణుల దేహములనాశ్రయించి చతుర్విధాన్నమును పచనము చేయుచున్నానని మరియొకదానియందును భగవానుడు పలికెను. ఆ పళ్ళెము ఈ రెండు శ్లోకముల నడుమ నున్నది! సంస్కృతమున పక్వమనగా వండినదియు పండినదియు కూడ. జామపండును సూర్యుడు నెలల తరబడి కొమ్మమీదనే వండినాడు. ముల్లంగిని భూమి తన గర్భమున వండినది. తినిన పిదప మా తల్లిగారి కడుపునందును, ఆ తల్లి కడుపునందును, బిరియాని తినుచున్న పిల్లల కడుపునందును దానిని తిరిగి వండువాడు ఒక్కడే. ఈ రెండు మహాపాకముల మధ్య మనము గ్యాసు పొయ్యిమీద చేయు అరగంట పాకమెంత? ఆ అరగంటలో పాత్ర పట్టిన చేయి ఎవరిదను ప్రశ్నమీద మనము వేయి సంవత్సరములు కలహించితిమి. వండువాని గుణము అన్నమును చేరుననుట సత్యమే కావచ్చును. కాని వండువాడెవడో మనము తప్పుగ గుర్తించితిమి. నిప్పు తాకనిది పచ్చియని, తాకినది పక్వమని మనము చేసిన విభాగము వంటయింటి సౌకర్యమునకు చాలును; మనుష్యులను వేరుచేయుటకు అది చాలదు.

ఆచారమును పట్టుకొనువారు సాధారణముగా మనుస్మృతిని ప్రమాణముగ చూపుదురు. ఆ స్మృతిపై నాకు గల అభ్యంతరములు పెక్కు. అయినను దాని నాలుగవ అధ్యాయమున, ఎవరి యొద్దనుండియైనను స్వీకరింపదగిన వస్తువులను చెప్పుచు సమిధలు, నీరు, దుంపలు, ఫలములు, తేనె, అభయదక్షిణ అనువాని సరసనే, అడుగకయే ఎదురు తెచ్చి ఇచ్చిన అన్నమును కూడ చేర్చినారు. శాకమును నిరాకరింపరాదని మరికొన్ని శ్లోకముల పిదప కలదు. భయము లేదను మాటయు, అడుగని అన్నమును ఒకే శ్లోకమున నుండుట నాకు మిక్కిలి ప్రియమైనది. కఠినమైన ధర్మశాస్త్రమునకు సైతము, తలుపు తట్టి తెచ్చిన గిన్నెను త్రిప్పిపంపుటకు మనసొప్పలేదు.

సలాడు కలుపుటయైనది. నిమ్మరసము పిండబడెను. ఉప్పు ఒక్కటి మిగిలెను. మా మాతామహి నియమమును ఎరిగిన నేను ఊపిరి బిగబట్టి చూచుచుంటిని. ఆ తల్లి ఉప్పు చిప్పను ముందుకు జరిపి, "ఉప్పు నువ్వేస్తవా వదినా, నన్నెయ్యమంటవా?" అని అడిగెను. ఆమెకు ఈ నియమపు సంగతి తెలియునో తెలియదో నేటికిని నేనెరుగను. మా తల్లిగారు దానిమ్మ గింజల యెర్రదనము అంటిన తమ చేతులవంక చూచుకొని, "నా చేతులు తడిగా ఉన్నాయి, మీరే వెయ్యండి వదినగారూ" అనిరి. ప్రార్థన ముగిసిన పిదప అందరును కూర్చుండినపుడు ఆమె ఆ పళ్ళెమునుండి రెండు పర్యాయములు వడ్డించుకొనిరి. బిరియాని వంక పోలేదు, నియమము నియమమే.

జనవరిలో ఇరువది యేడవ పాశురపు దినమున మా తల్లిగారు నేతితో అక్కారవడిసలను తీయని అన్నము వండి నివేదించి, ఇత్తడి గిన్నెడు స్వయముగ పైయింటికి తీసికొనిపోయి ఇచ్చివచ్చిరి. మరునాడు పదకొండు గంటలవేళ ఆ తల్లి మెట్లు దిగివచ్చి, ఎవరును అడుగకయే, ఆ గిన్నెనిండ చిక్కుడుకాయ కూర తెచ్చి మా తల్లిగారి చేతికి అందించెను. కూర ఇంకను వేడిగ నుండెను. మా తల్లిగారు గిన్నె క్రింద కొంగు పట్టి దానిని లోనికి తెచ్చి, ఆ మధ్యాహ్నము అన్నములో కలుపుకొని భుజించిరి.