పెరట్లో నీలం రెక్కలు: మంచి ఉద్దేశం ఒక్కటే సరిపోతుందా?



మాది చోడవరం. స్వయంభూ వినాయకుడి ఊరంటే మీలో చాలామందికి తెలిసే ఉంటుంది. ఉద్యోగం వల్ల నేనుండేది హైదరాబాద్‌లో. రెండేళ్ల క్రితం వానల్లో అమ్మ పెరట్లో జారిపడింది. వెంటనే డబ్బులు పంపి పెరడంతా సిమెంటు చేయించేశాను. ప్రేమతోనే చేశాను, అందులో అనుమానం లేదు.

పోయిన చవితికి ఇంటికెళ్తే అమ్మ బజారు నుంచి గరిక కొనుక్కొచ్చింది. "మన పెరట్లో గరిక స్వామికి లేకుండా పోయిందిరా" అంది. కోపంగా కాదు, మామూలుగానే. అప్పుడు గుర్తొచ్చింది. ఆ గరిక మీద జానెడెత్తులో ఎగిరే చిట్టి నీలం సీతాకోకచిలుకలు కూడా లేవు.

వాటిని పేల్ గ్రాస్ బ్లూ అంటారు. రెక్కలు ముడిస్తే రూపాయి బిళ్ల కన్నా చిన్నవి. గడ్డిలో మొలిచే పులిచింత ఆకు మీద గుడ్లు పెడతాయి. పిల్ల పురుగుకి ఆ ఆకే ముఖ్యమైన తిండి. మనం కలుపు అనుకునేదే దానికి అన్నం.

ఇంగ్లండ్‌లో లార్జ్ బ్లూ అనే నీలం సీతాకోకచిలుక ఉండేది. పట్టుకెళ్లేవాళ్ల నుంచి కాపాడదామని కొన్నిచోట్ల కంచె వేశారు. దాంతో పశువుల మేత ఆగింది, గడ్డి పెరిగింది, నేల చల్లబడింది. దాని పురుగుని పుట్టలో పెంచే చీమలకి వెచ్చటి నేల కావాలి. 1979 నాటికి ఆ దేశంలో అది అంతరించింది. ఆ లెక్క అర్థమయ్యాక, 1983 నుంచి స్వీడన్ నుంచి తెచ్చి మళ్లీ నిలబెట్టారు.

కంచె వేసినవాళ్లు చెడ్డవాళ్లు కాదు. నేనూ కాదు. కానీ గీత 18వ అధ్యాయం 25వ శ్లోకంలో కృష్ణుడు, పర్యవసానం, నష్టం, హింస చూసుకోకుండా మోహంతో మొదలుపెట్టే పనిని తామసం అంటాడు. మన మనసు ఎంత మంచిదో అక్కడ అడగలేదు, చూసుకున్నావా అని అడిగాడు.

"అన్నీ తెలిసేదాకా ఆగితే అమ్మ మళ్లీ పడేది కదా?" అనొచ్చు. నిజమే. పని చేయడం తప్పు కాదు. అడగకపోవడం తప్పు. మేస్త్రీని ఖర్చెంతని అడిగాను. ముప్పై ఏళ్లుగా ఆ పెరట్లో తిరిగిన అమ్మని మాత్రం ఒక్క మాట అడగలేదు.

ఈసారి అడిగాను. కుళాయి దగ్గరా, నడిచే దారిలోనూ సిమెంటు ఉంచి, మిగతాది కొట్టించేశాం. వానలకి పులిచింత దానంతటదే మొలిచింది. నీలం రెక్కలు ఇంకా కనబడలేదు.

ఈ చవితికి స్వామికి గరిక మాత్రం పెరట్లోదే.