పాఠం తెలిస్తే చాలా?

ఒకటో తరగతి పిల్లలకు అక్షరాలు నేర్పాలంటే ఇంటర్ తర్వాత రెండేళ్లు డి.ఎడ్. చదవాలి. పాఠ్య పథకాలు రాయాలి. వెనక బెంచీలో కూర్చున్న మాస్టారు మన తప్పులు రాసుకుంటుంటే టీచింగ్ ప్రాక్టీస్ చేయాలి. ఆపైన టెట్, డీఎస్సీ. ఇవన్నీ దాటితేనే మా చేతికి సుద్దముక్క వస్తుంది.

విశ్వవిద్యాలయంలో పాఠం చెప్పడానికి ఇలాంటి శిక్షణ అక్కర్లేదు. పీజీలో మార్కులు, నెట్, సెట్, పీహెచ్‌డీల్లో నిబంధన అడిగినవి ఉంటే చాలు. నెట్ మొదటి పేపర్లో బోధన మీద కొన్ని ప్రశ్నలుంటాయి గానీ అవి బిట్లు. 2018 యూజీసీ నిబంధనల్లో బోధనా పద్ధతుల మీద 21 రోజుల ఓరియెంటేషన్ ఉంది. అది అడిగేది మొదటి ప్రమోషన్‌కు. ఆ లోపు నాలుగైదేళ్ల విద్యార్థులు ఆయన పాఠం విని వెళ్లిపోయి ఉంటారు.

ఎవరి చదువు గొప్పదనే పంతంతో మేము ఈ మాట ఎత్తడం లేదు. మా ప్రశ్న ఒకటే. పాఠం అర్థం కాకపోతే ఆ లోటు ఎవరిది?

చిన్న బడిలో దీనికి జవాబు తెలుసు. పిల్లకు అర్థం కాకపోతే ఇంకో విధంగా చెప్పమని మాకు నేర్పారు. విశ్వవిద్యాలయంలో అయితే విద్యార్థికి స్టాండర్డ్ లేదంటారు. ఇంట్లో కోయో గోండీయో సవరో మాట్లాడి, ఆశ్రమ పాఠశాలలో తెలుగులో చదివి, పీజీ దాకా వెళ్లిన మన పిల్ల ఇంగ్లీషు లెక్చర్ ముందు మౌనంగా కూర్చుంటుంది. ఆ మౌనం పరీక్షల్లో బ్యాక్‌లాగ్ అవుతుంది. రెండు మూడు పడ్డాక ఊరికి వచ్చేస్తుంది. చదువు అబ్బలేదని ఊళ్లో అనుకుంటారు. చెప్పేవారికి చెప్పడం వచ్చా అని ఎవరూ అడగరు.

వాళ్లు పెద్దవాళ్లు కదా, సొంతంగా నేర్చుకోవాలి అని కొందరంటారు. నిజమే, పెద్దవాళ్లకు చెంచాతో తినిపించనక్కర్లేదు. కానీ సొంతంగా నేర్చుకునేలా చేయడం కూడా ఒక విద్యే. అడవిలో దుంప ఎక్కడుందో తెలిసిన అవ్వ, మనవరాలికి నేర్పేటప్పుడు తాను తవ్వదు. తీగ చూపించి, ఇది తినేదా కాదా అని అడిగి, గునపం పిల్ల చేతికిస్తుంది. దుంప గురించి తెలియడం వేరు, పిల్ల గురించి తెలియడం వేరు. అవ్వకు రెండూ తెలుసు.

ఏటా ఆగస్టు 29న మన బడుల్లో గిడుగు రామమూర్తి పంతులు గారిని తలుచుకుంటాం. వాడుక భాష కోసం ఆయన చేసిన పోరాటం చెబుతాం. పర్లాకిమిడిలో బడిలోనూ కళాశాలలోనూ పాఠం చెప్పిన ఆ పంతులు సవరల దగ్గర సవర భాష నేర్చుకున్నారన్నది కూడా చెప్పాలి. ముందు ఆయన విద్యార్థి అయ్యారు, తర్వాతే సవర పిల్లలకు పుస్తకాలు తయారుచేశారు, బడులు పెట్టారు. ఎదుటివారి దగ్గర నేర్చుకున్నాకే వారికి నేర్పడం. బోధనా అర్హత అంటే మా దృష్టిలో ఇదే.

అయితే దీనికి ఒక గట్టి అభ్యంతరం ఉంది, అది మనవాళ్లలోంచే వస్తుంది. ఇంకో సర్టిఫికెట్ అంటే ఇంకో కంచె కదా? అర్హత, మెరిట్ అనే మాటలు మన మీద ఎలా పడతాయో మనకు తెలుసు. షెడ్యూల్డ్ ప్రాంతాల టీచర్ పోస్టులన్నీ స్థానిక గిరిజనులకే ఇచ్చిన 2000 నాటి జీవో 3ను 2020లో సుప్రీంకోర్టు కొట్టేసింది. ఎంతో కష్టపడి పీహెచ్‌డీ చేసిన మన యువకుడి ముందు మరో పరీక్ష పెడితే, అది అతణ్ణే ఆపుతుంది.

అందుకే ఆ అర్హతను గుమ్మం బయట పెట్టకూడదు, గుమ్మం లోపల పెట్టాలి. ఉద్యోగం ఇచ్చాక మొదటి రెండేళ్లలో, జీతంతో, క్లాసులు కొంత తగ్గించి నేర్పాలి. హాల్లో కూర్చుని ఉపన్యాసాలు వినడం కాదు, తాను చెప్పే క్లాసులోనే నేర్చుకోవాలి. తోటి అధ్యాపకులు వచ్చి పాఠం చూడాలి. విద్యార్థులకు ఏది అందలేదో అడిగి తెలుసుకోవాలి. ప్రశ్నపత్రం తయారుచేయడం, పేపరు దిద్ది ఎక్కడ తప్పిందో చెప్పడం కూడా అందులో ఉండాలి. విద్యార్థుల ఇంటి భాషను, వారి ఊళ్లను తెలుసుకోవడం ఒక భాగం కావాలి. తడబడినవారికి ముందు సాయం, ఆ తర్వాతే తీర్పు. ఇది జరగని పని కాదు. బ్రిటన్‌లో 1997లో డియరింగ్ కమిటీ అధ్యాపకులకు బోధనా శిక్షణ ఉండాలని చెప్పింది. అక్కడ చాలా విశ్వవిద్యాలయాల్లో కొత్తవారు పనిచేస్తూనే ఆ సర్టిఫికెట్ చదువుతారు.

విజయనగరం ప్రాంతంలో 2019 చట్టంతో, ములుగులో 2023 చట్టంతో మన పేరు మీద రెండు కేంద్రీయ గిరిజన విశ్వవిద్యాలయాలు వచ్చాయి. బోర్డు మీద గిరిజన అనే మాట ఉన్నంత మాత్రాన అవి మనవి కావు. అక్కడ పాఠం చెప్పేవారికి మన పిల్లల మౌనం అర్థం కావాలి. ఇప్పుడు డిగ్రీ, పీజీ చదువుతున్న తమ్ముళ్లూ చెల్లెళ్లూ, రేపు ఆ కుర్చీల్లో మీరు కూర్చోవాలి. అప్పుడు వెనక బెంచీలో మాట్లాడని పిల్లకు స్టాండర్డ్ లేదనకండి. ఇంకో విధంగా చెప్పి చూడండి.