పాల బాకీ

పాలవాడికి రెండు నెలలు బాకీ పడితే మూడోనెల గుమ్మంలో నిలబడి అడుగుతాడు. అడిగినందుకు అతన్నెవరూ తప్పుపట్టరు. ఆ పాలు తాగే పిల్లకు తండ్రి ఇవ్వమని కోర్టు చెప్పిన డబ్బు ఎనిమిది నెలలుగా రాలేదని తల్లి అడిగితే మాత్రం, "ఎంతైనా కన్నతండ్రి, జైల్లో పెట్టిస్తావుటే?" అంటాం.

మొన్న మా పక్కింటి అమ్మాయితో ఆ మాట అన్నది నేనే. అనేసి, ఆ రాత్రి నిద్రపట్టక ఆలోచించాను.

మనోవర్తి సంగతి 1973 నాటి క్రిమినల్ ప్రొసీజర్ కోడ్‌లో 125వ సెక్షను. 2024 జూలై నుంచి భారతీయ నాగరిక సురక్ష సంహితలో 144వ సెక్షనయింది. నంబరు మారిందిగాని వసూలు పద్ధతి మారలేదు. సరైన కారణం లేకుండా కట్టకపోతే, జరిమానా వసూలు చేసినట్టే వారంటు మీద వసూలు చేస్తారు. అప్పటికీ రాకపోతే ఒక్కొక్క నెల బాకీకి నెల వరకూ ఖైదు. ముందే కడితే ముందే విడుదల.

"జైలుకెళ్తే బాకీ తీరినట్టేగా?" అంటారు కొందరు. కాదని 1980ల చివర్లోనే సుప్రీంకోర్టు చెప్పింది. ఖైదు వసూలుకు మార్గమేగాని, బాకీ తీరినట్టు రసీదు కాదు.

మరి నిజంగానే ఉద్యోగం పోయినవాడి మాటేమిటి? అతను కోర్టుకు చెప్పుకుని మొత్తం తగ్గించమని అడగవచ్చు. చడీచప్పుడూ లేకుండా ఎగ్గొట్టడానికి మాత్రం వీల్లేదు.

అసలు మెలిక ఇంకోటుంది. డబ్బు ఇవ్వవలసిన తేదీ నుంచి ఏడాదిలోగా దరఖాస్తు పెట్టుకోకపోతే, ఆ సొమ్ముకు ఈ వారంటు రాదు. అంటే, మనం గొప్పగా చెప్పుకునే ఆడదాని ఓర్పుకు చట్టమిచ్చిన గడువు పన్నెండు నెలలు. ఆ తర్వాత మన మంచితనానికి ఖరీదు కట్టేది పిల్ల.

క్షమించడం మంచి గుణమే, కాదనను. మనకు రావలసింది మనం వదులుకుంటే అది క్షమ. పిల్లకు రావలసింది మనం వదిలేస్తే దాన్నేమనాలి? అది మన సొమ్మా, దానం చెయ్యడానికి?

తెల్లవారగానే వెళ్ళి, "నిన్న నేనన్నది మరిచిపోవే అమ్మాయ్" అన్నాను.

ఆ పిల్ల నవ్వి, బీరువాలోంచి ఓ నోటుపుస్తకం తీసి చూపించింది. ఏ నెలది ఆ నెల, తేదీలతో సహా, పాలలెక్క రాసినట్టే రాసుకుంది.

"రేపు ప్లీడరుగారి దగ్గరికి వెళ్తున్నాను పిన్నిగారూ. కాస్త చంటిదాన్ని చూస్తారా?" అంది.

చూస్తానన్నాను. సలహా కంటే అది మేలనిపించింది.